నీసు వాసన

ఎరుకమ్మ ఐసు గడ్డను గోనెసంచిలో వేసి దుడ్డుకర్రతో గట్టిగా మోదింది. లోపల గడ్డ పలుకులైన సంగతి చేతికే తెలిసింది. పెట్టె అడుగున ఐసు పరిచి, మీద కానాగంత చేపలు పేర్చి, మళ్ళీ ఐసు జల్లి, ముక్కలుగా కొయ్యాల్సిన వంజరం చేపని ఆపైన పడుకోబెట్టింది. అన్నిటికన్నా పైన, మూతకి దగ్గరగా, పాత తువ్వాలులో చుట్టిన చిన్న స్టీలు డబ్బా పెట్టింది. అందులో కోడలి ఇన్సులిన్ సీసా ఉంది.

ఆ డబ్బాకి ఐసు తగలకూడదు. గడ్డకడితే మందు చచ్చిపోతుందని కోడలు ఉమాదేవి కాపురానికి వచ్చిన కొత్తలో చెప్పింది. "సచ్చిపోడమేటే, అదేటైనా సేపా?" అని ఎరుకమ్మ నవ్వింది గానీ, ఆనాటి నుంచీ తువ్వాలు మడత తడిమి చూసుకోకుండా మూత వెయ్యలేదు. వాళ్ళది రేకుల ఇల్లు. ఫ్రిజ్ లేదు. ఎండాకాలం వస్తే ఇంట్లో గోడలు కూడా ముట్టుకోనివ్వవు. చేపల కోసం రోజూ చల్లదనం కొంటూనే ఉంది కదా, పిల్ల మందుకి అందులో పిడికెడు చోటివ్వడం ఆమెకు బరువుగా తోచలేదు.

పొద్దున్న సూది ఇంట్లోనే అయిపోతుంది. మధ్యాహ్నం ఉమ తను పనిచేసే బట్టల కొట్టు నుంచి చేపల మార్కెట్టుకి నడిచి వస్తుంది. గోడవైపు తిరిగి, కొంగు చాటున పొట్టకి సూది వేసుకుని, అత్త పక్కన పీట వేసుకుని అన్నం తింటుంది. మూడేళ్ళుగా అదే అలవాటు.

కొన్నాళ్ళుగా ఆ అలవాటు చెడింది. పిల్ల వస్తూనే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటోంది. సీసా అందుకుని మొహం తిప్పేసుకుంటోంది. నిన్న సాయంత్రం అయితే మెల్లగా అసలు మాట అనేసింది.

"అత్తా, మందు మెడికల్ షాపు ఫ్రిజ్జులో ఎట్టుకుంటాను. అడిగేను, సరే అన్నారు. నీకెందుకు రోజూ మోత?"

"ఎట్టుకో," అంది ఎరుకమ్మ. పెరట్లోకి వెళ్ళి చింతపండు పిప్పితో చేతులు మోచేతుల దాకా రుద్దుకుంది. వాసన చూసుకుంది. మళ్ళీ రుద్దుకుంది.

ఆ వాసనతోనే ఆమె బతుకంతా గడిచింది. పూడిమడకలో పుట్టింది. లంగా ఓణీ వయసులోనే తట్ట నెత్తికెత్తుకుంది. బస్సులో ఆమె ఎక్కితే పక్కవాళ్ళు చీర కుచ్చిళ్ళు దగ్గరకు లాక్కునేవాళ్ళు. గుడి వరసలో ఆమెకీ ముందున్న మనిషికీ మధ్య ఇంకో మనిషి పట్టేంత ఖాళీ మిగిలేది. ఎరుకమ్మ ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు. "నీసమ్మేదాని కాడ సెంటు వాసనొత్తదేటి?" అని తనే ముందు నవ్వేసేది. భర్త కొర్లయ్య కామెర్లతో పోయాక పిల్లవాణ్ణి చంకనేసుకుని అనకాపల్లి వచ్చి, ఆ చేపలతోనే నూకరాజుని పెంచింది, వాడొక వ్యాను డ్రైవరయ్యాడు.

ఆ నూకరాజు బుచ్చయ్యపేట వైపు చెరుకు రైతుల పిల్లని మనసుపడి తెచ్చుకున్నప్పుడు ఎరుకమ్మ భయపడింది. భయపడింది పిల్ల సుగరు జబ్బుకి కాదు. ఆ సంగతి ఉమే పెళ్ళికి ముందు దాచకుండా చెప్పింది. చిన్నప్పటి నుంచీ ఉందనీ, సూది మానితే బతకననీ. ఎరుకమ్మ భయమల్లా ఈ పిల్ల ముక్కు మూసుకుంటుందేమోనని. కానీ ఉమ మొదటిరోజే మార్కెట్టుకి వచ్చి, చేపల పొలుసుల మధ్య పీట వేసుకుని, అత్త గిన్నెలోంచి కూర వడ్డించుకు తింది. ఆ రోజు ఎరుకమ్మ నూకాలమ్మ తల్లికి మనసులోనే దండం పెట్టుకుంది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ మాట చెప్పుకుంది.

అందుకే ఇప్పుడింత నొప్పి.

"ఏటొదినా, మీ కోడలు ముక్కు మూసుకుంటందేటి?" పక్క గట్టు మీద నెత్తళ్ళు అమ్ముకునే మరిడమ్మ పొద్దున్నే అందుకుంది. "మూడేళ్ళకి తెలిసొచ్చిందేటి మన కంపు?"

"నోరుముయ్యే. నీ కంపుకి నేనే మూసుకుంటన్నాను."

మార్కెట్టంతా నవ్వింది. ఎరుకమ్మా నవ్వింది. కత్తిపీట మీద వంజరం ముక్క మాత్రం వంకరగా తెగింది.

మధ్యాహ్నం ఉమ వచ్చింది. పెదవులు ఎండి ఉన్నాయి. కళ్ళ కింద నల్లటి చార దిగింది. సూది వేసుకుంది. పీట వేసుకుని రెండు ముద్దలు మింగింది. మూడో ముద్ద చేతిలో ఉండగానే లేచి కాలువ దగ్గరకి పరుగెత్తింది. వంగిన ఆ వీపు అత్తకి కనిపిస్తూనే ఉంది.

ఎరుకమ్మ చేప తోముతూ తల ఎత్తకుండా అంది. "అంత రోతగుంటే రాడమెందుకు? రేపట్నుంచి ఆ షాపులోనే ఎట్టుకో. ఆడే తిను."

ఉమ గోడకి ఆనుకుని కూలబడింది. పావుగంట గడిచేసరికి నుదుటి మీద చెమట బొట్లుబొట్లుగా లేచింది. సంచిలోంచి బిస్కెట్ల పొట్లం తీసింది గానీ, వణికే వేళ్ళకి దాన్ని చింపడం చేతకాలేదు.

ఎరుకమ్మ చేప పక్కన పడేసి లేచింది. సూది లోపలికి పోయింది, కూడు బయటికొచ్చేసింది.

"ఒరే పరదేశీ! రసం! బేగి తేరా!"

మూల మీద చెరుకురసం బండి పరదేశి గ్లాసు పట్టుకుని నురగ ఒలికిపోతుంటే పరుగెత్తుకొచ్చాడు. "ఇదిగోనక్కా."

"సుగరున్న పిల్లకి సెరుకురసమేటే?" అని మరిడమ్మ గుండెలు బాదుకుంది.

"పడిపోయిన సుగరే ఇది. ఉండు." గ్లాసు అందుకోబోయిన ఎరుకమ్మ చెయ్యి సగంలో ఆగిపోయింది. వేళ్ళ నిండా పొలుసులు. "నువ్వే తాగించరా. నా సేతులు నీసు."

ఉమ ఆ మణికట్టు పట్టుకుంది. పట్టులో బలం లేదు, కానీ వదల్లేదు. "నువ్వే, అత్తా."

ఎరుకమ్మ గుక్క గుక్కగా తాగించింది. కాసేపటికి పిల్ల మొహంలోకి రంగు తిరిగింది. పరదేశి డబ్బులకి ఆగకుండా ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు.

"రోత కాదత్తా," అంది ఉమ, నేల చూస్తూ. "నెల తప్పింది. రెండో నెల దాటిపోతంది."

ఎరుకమ్మ మళ్ళీ తోముదామని అందుకున్న చేప చేతిలోంచి జారిపోయింది.

"కావాలని కాదు. ముందు సుగరు దారిలోకి రావాల, అప్పుడే బిడ్డ సంగతి సూడాలని డాక్టరు సెప్పేడు కదా. జాగరత్తగానే ఉన్నాం. ఎలాగో అయిపోనాది. మీ అబ్బాయికీ సెప్పనేదు. ఉంచుకుందామంటే భయం, వద్దనుకుందామంటే భయం. నీకు సెప్తే మనవడంటావు, మరింక నేను..."

ఎరుకమ్మకి ఎప్పటిదో ఒక మధ్యాహ్నం కళ్ళముందుకొచ్చింది. నూకరాజు కడుపులో ఉన్నప్పుడు తనకీ చేపంటే కడుపులో దేవేసేది. సముద్రం గాలికి ఎదురుగా కూర్చుని ఏడ్చేది. సేపలోళ్ళ ఇంట పుట్టి నీసు పడదేటని అత్తగారు దెప్పేది. అదంతా ఎలా మరిచిపోయిందో ఆమెకే తెలియలేదు.

"సూడు పిల్లా," అంది చివరికి. "మనవడి మొకం నేనెరగను. నీ మొకం ఎరుగుదును. ముందు నువ్వుండాల. నీకేటి కావాల, అది సెప్పు."

"కావాలనే ఉందత్తా," అంది ఉమ, ఎవరైనా వింటారేమోనన్నట్టు.

"అయితే పద, ఆస్పత్రిలో అడుగుదాం."

"ఎల్లొదినా ఎల్లు," మరిడమ్మ కళ్ళు తుడుచుకుని ఎరుకమ్మ గట్టు మీదకి జరిగింది. "నీ సరుకు నేనమ్ముతాను. వంజరం తల మాత్రం నాది."

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్లే. కసురుతుందని ఎరుకమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఆవిడ తలెత్తి, "బయట నిలబడ్డారేం అమ్మా, లోపలికి వచ్చి మీ కోడలి పక్కన కూర్చోండి," అంది. బతుకులో ఎన్ని గదుల బయట నిలబడిందో, ఎరుకమ్మ కుర్చీ అంచున జాగ్రత్తగా కూర్చుంది.

"తేలికని చెప్పను," అంది డాక్టరమ్మ. "మొదటి నెలల్లో సుగరు ఇలా ఉన్నట్టుండి పడిపోతుంది. తర్వాత పెరుగుతుంది. మందు కొలత మారుస్తూ ఉండాలి. కానీ ఇదే జబ్బుతో బిడ్డని కని ఎత్తుకెళ్ళిన తల్లుల్ని నేను చూశాను. ఇవాళే విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్ళి చేరండి. స్కాను తీస్తారు, వాంతులు ఆపి మందు సరిచేస్తారు. ఆ తర్వాత కూడా నిర్ణయం నీదేనమ్మా. ఎవరూ తొందరపెట్టరు."

సాయంత్రానికి నూకరాజు వ్యాను యజమానికి అప్పగించి బస్సు కాంప్లెక్సుకి వచ్చాడు. సంగతి విని నవ్వాలో ఏడవాలో తెలియక, దుకాణానికి పోయి ఒక నిమ్మకాయ కొనుక్కొచ్చి పెళ్ళాం చేతిలో పెట్టాడు. బస్సులో వాంతి రాకుండా వాసన చూడమన్నాడు. ఉమ దాన్ని గోటితో గీరి ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఆసుపత్రిలో ఒక్కరినే తోడు ఉండనిస్తారు. ఎరుకమ్మ ఆగిపోవాలి. ఆమె గాలి ఎటు వీస్తోందో చూసుకుని, తన వాసన పిల్ల వైపు పోకుండా అవతలికి జరిగి నిలబడింది.

బస్సు వచ్చింది. నూకరాజు సంచులు ఎక్కించాడు. ఉమ నిమ్మకాయ పక్కన పెట్టి సిమెంటు బల్ల మీంచి లేచింది. నేరుగా నడిచొచ్చి అత్త భుజంలో మొహం దాచుకుంది.

"ఒద్దు పిల్లా, కక్కేత్తావు."

"కక్కితే కక్కుతాను."

ఉమకి వాంతి గొంతుదాకా వచ్చింది, మింగుకుని కుదుటపడింది. మొహం మాత్రం పైకెత్తలేదు. కండక్టరు విజిల్ వెయ్యబోయి, వాళ్ళని చూసి ఆగాడు. ఆ కాసింత ఆగడానికి ఎరుకమ్మ అతనికి దండం పెట్టింది.

ఉమని ఎక్కించుకున్న బస్సు మలుపు తిరిగేదాకా ఎరుకమ్మ కదల్లేదు. మరిడమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది, పెట్టె కడగాలి, తెల్లారితే మళ్ళీ ఐసు కొట్టాలి. భుజం మీద చీర తడిసి ఉంది. దాన్ని తుడుచుకోకుండానే వెనక్కి తిరిగింది.

సిమెంటు బల్ల మీద నిమ్మకాయ ఉంది. తొక్క మీద గోటి గీతలు పచ్చిగా, ఇంకా తడిగా ఉన్నాయి.