పింగాణీ జింక స్నానం

కల్లంలో మిరపకాయలు ఎండినన్నాళ్ళూ రాఘవమ్మ ఇంట్లో ఎక్కడ వేలు పెట్టినా ఎర్రటి ధూళే. చిలకలూరిపేట రోడ్డు మీద లారీలు లేపే దుమ్ము దానికి తోడు. కొత్త కలర్ టీవీ పక్కనున్న షోకేసుకు అద్దాలున్నా ఆ ధూళికి లెక్కలేదు. అందుకే ఏటా పంట మార్కెట్ యార్డుకు వెళ్ళగానే ఆవిడ షోకేసు ఖాళీ చేసి, బొమ్మలన్నిటినీ తన చేత్తోనే శుభ్రం చేసేది.

అందులో కొండపల్లి ఏనుగు, వాడరేవు సముద్రతీరంలో కొన్న గవ్వల తాబేలు, వీటన్నిటికీ మహారాణిలాగా ఒక పింగాణీ జింక ఉన్నాయి. జింక కొమ్ములు చీపురుపుల్లంత సన్నం, వాటికి బంగారు పూత. పొగాకు బాగా పండిన ఏడు భర్త యలమందయ్య విజయవాడ ఎగ్జిబిషన్‌లో కొనిచ్చాడు. ఎరువుబస్తాలు తప్ప మరేమీ కొనడం చేతకాని ఆ మనిషి, అడక్కుండా ఆవిడకు కొన్న వస్తువు అదొక్కటే.

ఈ ఏడు రాఘవమ్మకు భయం పట్టుకుంది. కుడిచెయ్యి వణుకుతోంది. ఎవరికీ చెప్పలేదు. జింక చేజారితే ప్రాణం ఉసూరుమంటుంది. చేతకాదని ఒప్పుకుంటే షోకేసు పెత్తనం కోడలికి పోతుంది. ఏది పెద్ద నష్టమో ఆవిడకే తేలలేదు. గొంతు మాత్రం ఎప్పటిలాగే ఖంగుమంటోంది.

కోడలు కోటేశ్వరి సాయం చేద్దామని వచ్చి జింక మీద చెయ్యి వేయబోయింది. మిగిలిన కాయలకు తొడిమలు తీసి, చేతులు మండకుండా కొబ్బరినూనె రాసుకుని ఉంది.

"ఆగక్కడ. ఆ నూనె చేతుల్తో పట్టుకుంటే జారి చక్కా పోద్ది. శనగపిండి పెట్టి రుద్దుకుని రా. గాజులు కూడా తీసెయ్, తగిలితే గీతలు పడతయ్."

కోటేశ్వరి తిరిగొచ్చేసరికి రాఘవమ్మ నేల మీద బొంత పరిచి, ప్లాస్టిక్ టబ్బు అడుగున తువ్వాలు మడిచి వేసింది. గోరువెచ్చటి నీళ్ళలో రెండు చుక్కల షాంపూ కలిపింది. యలమందయ్య గడ్డానికని తెచ్చుకున్న కొత్త బ్రష్షు, ఆయన వాడకముందే ఆవిడ స్వాధీనమైంది.

"ముందు పొడి బ్రష్షుతో దులపాలి. దులపకుండా తడిపావంటే బురదై సందుల్లో కూర్చుంటది. ఏనుక్కి అసలు నీళ్ళు తగలనీకు, రంగు పోద్ది. తాబేలుకీ అంతే, బంక నానితే గవ్వలు ఊడొస్తయ్. బంగారు పూతని మాత్రం రుద్దబాకు."

ఏనుగు, తాబేలు కోటేశ్వరి దులిపింది. జింక వంతు వచ్చింది. రాఘవమ్మ దాని పొట్ట కింద చెయ్యి పెట్టి ఎత్తింది. నీళ్ళ దాకా వెళ్ళకముందే చెయ్యి వణికింది. సన్నటి కొమ్ము టబ్బు అంచుకు టక్కున తగిలింది.

విరగలేదు. రాఘవమ్మ జింకను బొంత మీద పడుకోబెట్టింది. అంత దిగులు ఆవిడ ఏ పంట పోయినప్పుడూ పడలేదు.

"ఇక నువ్వు కడుగు. నా చెయ్యి వణుకుతోంది," అంది.

"తెలుసత్తయ్యా."

"ఎట్టా తెలుసు?"

కోటేశ్వరి జింకను ఎత్తుకుని, తల వంచుకునే చెప్పింది. "మీరు ఉప్పు వేసేటప్పుడు చూశాను. పప్పులో ఎక్కువ పడుతోంది. మావయ్య నేనే వేశాననుకుని కేకలేస్తున్నారు. పోనీలే అని ఊరుకున్నా."

ఆ కేకలు రాఘవమ్మా విన్నది. విని, తనూ నాలుగు మాటలు కలిపింది. సిగ్గుతో చచ్చిపోయినట్టయింది. కోడలు కొమ్ముల సందుల్లో బ్రష్షు ఆడించి, మంచినీళ్ళలో ముంచి తీసి, మెత్తటి పాత పంచె మీద నిలబెట్టేదాకా అలాగే చూస్తూ కూర్చుంది. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. వెతకాలనీ అనిపించలేదు.

లేచి వసారాలోకి వెళ్ళింది. యలమందయ్య పేపరు చదువుకుంటున్నాడు.

"ఏవయ్యా, ఇటు విను. పప్పులో ఉప్పు ఎక్కువేస్తోంది నేను. నా చెయ్యి వణుకుతోంది. ఆ పిల్లనింకేం అనబాకు. రేపట్నించి ఉప్పు తనే వేస్తది."

ఆయన పేపరు దించి ఆవిడ చేతి వంక చూశాడు. ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు.