విశల్య అంటే ఏమిటంటే

నాకు నోరెక్కువ. ఇంట్లో నా ముద్దుపేరు కత్తెర. అమ్మ ప్రేమతోనే పెట్టిందని నాన్న అంటారు గానీ నేను నమ్మను. జననాల నమోదు కార్యాలయంలో మూడో కిటికీ నాది. పద్దెనిమిదేళ్లుగా పసిపిల్లల పేర్లు రాస్తున్నాను. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కడుపు పండకముందే పేరు ఖాయం చేసుకుని స్పెల్లింగు అడగడానికి వచ్చినవాళ్లను చూశాను. తాము తెచ్చిన పేరు తమకే నోరు తిరక్క, నన్ను చదివి పెట్టమన్న తండ్రులనూ చూశాను. అలాంటి చోట ఇన్నేళ్లు కూర్చుంటే పేర్ల గురించి మనకు తెలియనిది లేదన్న పొగరు వస్తుంది. నాకూ వచ్చింది. ఆ పొగరు ఏం చేసిందో చెప్పుకోవడానికే ఇదంతా.

ఆరేళ్ల కిందట మా చెల్లికి ఏడో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. అరచేతిలో పట్టేంత పిల్ల. పుట్టీ పుట్టగానే గాజుపెట్టెలో పెట్టారు. చెల్లిది కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని. వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేస్తుంది, ఏ పనైనా అంత ఓపికగా చేస్తుంది. ఆ ఓపికతోనే ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఫోనులో పిల్లల పేర్ల సైట్లన్నీ జల్లెడ పట్టింది. మూడోరోజు నేను వెళ్లేసరికి దాని ముఖం వెలిగిపోతోంది.

"అక్కా, దొరికింది. విశల్య. సంస్కృతం పేరు. బాధ లేనిది అని అర్థమట. ప్రాచుర్యం దగ్గర 'బహు అరుదు' అని రాశారు. మీ రిజిస్టర్లో ఎవరికైనా ఉందా?"

నేను పకపకా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"ఓసి పిచ్చిమొహమా! శల్యం అంటే ఎముకలే. చిక్కి శల్యమైపోయింది అనమూ? అసలే పిల్ల పుల్లలా ఉంది, దానికి ఈ పేరా?"

"బాధ లేనిది అని ఉంది కదక్కా..."

"సైటు వాడిదేం పోయింది, నోటికొచ్చింది రాస్తాడు. రోజూ పేర్లలోనే పడి దొర్లుతున్నాను, నాకు చెప్తావా? ముందు పిల్ల బతికి బట్టకట్టనీ. కాస్త ఒళ్లు చేశాక మంచి పేరు నేనే చూస్తాగా."

చెల్లి ఫోను ఆపి ఒళ్లో పెట్టుకుంది. అక్క చెప్పిందంటే వేదం దానికి, చిన్నప్పటి నుంచీ అంతే. జనన పత్రం నేనే నింపాను. పేరు ఉండాల్సిన గడిలో ఒక గీత గీశాను. ఏడాదిలోపు ఎప్పుడైనా చేర్చుకోవచ్చు కదా, తొందరేముంది అనుకున్నాను.

పందొమ్మిదో రోజున పిల్ల పోయింది.

పేరు లేకుండా నమోదైన బిడ్డ పేరు లేకుండానే పోతే, ఆ తర్వాత పేరు చేర్చే వీలు మా పద్ధతిలో లేదు. మరణాల పుస్తకంలో "ఆడశిశువు" అని ఎక్కింది, పక్కన తల్లి పేరు, అంతే. చేర్చమని చెల్లి అడగనూ లేదు. ఆ పేరు మళ్లీ ఎన్నడూ దాని నోట వినలేదు. మళ్లీ పిల్లల మాట ఎవరు ఎత్తినా లేచి పక్క గదిలోకి వెళ్లిపోయేది. మా మరిది మంచివాడు, నోట్లో నాలుక లేనివాడు. రెండేళ్లు నచ్చజెప్పి చూసి ఊరుకున్నాడు.

పిల్ల పోయిన నెలలోనే ఒకరోజు ఎందుకో మనసు ఊరుకోక, కార్యాలయం బీరువాలోని పెద్ద నిఘంటువు తీశాను. శల్యం: బాణపు ములికి, ముల్లు, ఎముక. విశల్య: గుచ్చుకున్న ముల్లు తీసివేయబడినది, నొప్పి తొలగినది. సైటు వాడు సరిగ్గానే రాశాడు. చెల్లి సరిగ్గానే చదివింది. పన్నెండేళ్ల అనుభవం అని విర్రవీగే నేనే తప్పు. సూదులతో, గొట్టాలతో నిండిన ఆ ఒంటికి ఇంతకంటే మంచి పేరు ఏ తల్లి వెతకగలదు? బీరువా తలుపు చాటున నిలబడి ఏడ్చాను.

చెప్పాలనే అనుకున్నాను. ఇప్పుడు చెబితే పుండు మీద కారం చల్లినట్టవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది సాకు. ఇంత నోరున్నదాన్ని, తప్పు నాదే అన్న ఒక్క ముక్కకు నోరు పెగల్లేదు. అలా వారాలు నెలలయ్యాయి, నెలలు ఆరేళ్లయ్యాయి.

మొన్న సోమవారం పొద్దున నా కిటికీ దగ్గరికి ఒక జంట వచ్చింది. ఆ అమ్మాయి భుజం మీద మూడు నెలల పాప, వెనకాల పెద్ద సంచితో అత్తగారు. కుర్రాడు ఇచ్చిన దరఖాస్తు తీసుకుని చూశాను. పేరు గడిలో ముత్యాల్లాంటి అక్షరాలతో "విశల్య" అని ఉంది. మళ్లీ చదివాను.

"మేడం, మీరైనా చెప్పండి" అంటూ అత్తగారు ముందుకు తోసుకొచ్చింది. "బంగారంలాంటి పిల్లకి శల్యం, గిల్యం అని పేరేంటండీ? చిక్కి శల్యమైపోయింది అంటాం కదా! వీళ్లేమో అరుదైన పేరు, ఎవరికీ లేదు అని ఒకటే గోల. ఎవరికీ లేదంటే ఎందుకు లేదో ఆలోచించక్కర్లా?"

ఆ అమ్మాయి పాపను గట్టిగా హత్తుకుని నా వంక చూసింది. ఆ చూపు నాకు కొత్తది కాదు. ఆసుపత్రి వరండాలో ఒకసారి చూసిందే.

"పెద్దమ్మగారూ, మీరు పొరబడ్డారు" అన్నాను. "శల్యం అంటే ముల్లు కూడా. విశల్య అంటే ఆ ముల్లు తీసేశాక నొప్పి పోయి హాయిగా ఉన్న పిల్ల. చాలా మంచి పేరండీ. ఎముకలనుకుని వద్దన్నవాళ్లు తెలియక అన్నారు."

"నిజంగానా?"

"నిఘంటువులో చూశాను."

"అయితే రాసేయండి, నాదేం పోయింది!" అని ఆవిడ అప్పటికప్పుడు మెత్తబడిపోయి, "ఏమే ముల్లు తీసిన పిల్లా!" అని మనవరాలి బుగ్గ గిల్లింది. వాళ్ల ఇంట్లో నోరున్న మనిషి అంత తేలిగ్గా మాట మార్చుకుంది. ఆరేళ్లుగా నాకు చేతకానిది అదే.

"మేడం, ఈ పేరు ఇంకెవరికైనా ఉందా?" అని ఆ అమ్మాయి అడిగింది. కంప్యూటర్లో వెతికాను. పాత పుస్తకాలన్నీ అందులోకి ఎక్కించాం, అరవై ఏళ్లుగా పుట్టిన పిల్లలంతా ఉన్నారు.

"లేదమ్మా. ఒక్కరికీ లేదు. మీ పాపే మొదటిది."

వాళ్లు ముగ్గురూ నవ్వారు. నేను పేరు టైపు చేసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాను. వాళ్లు వెళ్లగానే కిటికీ మూసేసి, ఒంట్లో బాగాలేదని చెప్పి బయటపడ్డాను. నిజంగానే బాగాలేదు.

సోమవారం చెల్లికి సెలవు. పై అంతస్తులో రెండు గదుల ఇల్లు వాళ్లది. నేను వెళ్లేసరికి బాల్కనీలో తడిబట్టలు ఆరేస్తోంది.

"ఇదేంటక్కా ఈ వేళప్పుడు? ఆఫీసు కాలిపోయిందా?" అని నవ్వింది.

కూర్చోకుండానే చెప్పేశాను. కూర్చుంటే మళ్లీ సాకు దొరుకుతుందని భయం. జంట వచ్చిన సంగతి, వాళ్లు తెచ్చిన పేరు, నేను చెప్పిన అర్థం, అన్నీ చెప్పాను. చెల్లి చేతిలోని బట్ట తాడు మీద సగంలోనే ఆగిపోయింది.

"అంటే ఆ సైట్లో ఉన్నది నిజమేనా?"

"నిజమే. నువ్వన్నదే నిజం. నేనే తెలియక వాగాను."

"నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం ఆడటానికి అవకాశం ఉంది. ఇవాళే అని చెప్పేయొచ్చు.

"పాప పోయిన నెలలోనే" అన్నాను.

చెల్లి కిందికి జారి గోడకు చేరగిలి కూర్చుంది. నా కాళ్ల వంకే చూసింది. తిట్టినా కొట్టినా బాగుండేది.

"ఎముకల పేరు తెచ్చింది నేనే కదా అనుకున్నానక్కా" అంది. "నా నోటితో ఆ మాట అన్నాక పదహారు రోజులకే పోయింది. నా నోరే దాన్ని మింగేసింది అనుకున్నాను. ఆయన ఇంకో బిడ్డ కావాలని ఎంత బతిమాలినా అందుకే వద్దన్నాను. దానికి కూడా ఏం చేస్తానో అని. ఆరేళ్లక్కా. ఒక్క మాట చెప్పడానికి నీకు ఆరేళ్లు పట్టిందా?"

దాని పక్కన కూర్చోబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు వెళ్లు. ఆ పందొమ్మిది రోజులూ 'పాపా' అన్నానే గానీ ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. ఇప్పుడు పిలుచుకోవాలి. నువ్వు ఉంటే పిలవలేను."

బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. నాలుగు మెట్లు దిగానో లేదో లోపలి నుంచి మాట వినిపించింది. మొదట గొంతులోనే, సరిగ్గా పలుకుతున్నానా లేదా అన్నట్టు. తర్వాత కాస్త పైకి. ఆ తర్వాత, వీధిలో ఆటలో పడి ఇంటికి రాని పిల్లను పిలిచినట్టు, గట్టిగా. ఎన్నిసార్లు పిలిచిందో నేను లెక్కపెట్టలేదు. మెట్ల మీదే కూర్చుండిపోయాను.