నీళ్ళు అడగని ఇంజన్

ఈ ఊళ్ళో బండి నడిపే ప్రతివాడికీ నీళ్ళ పిచ్చి. పొద్దున్నే బానెట్ ఎత్తి రేడియేటర్‌లో చెంబెడు నీళ్ళు పొయ్యందే వాళ్ళకు బండి తీసినట్టే ఉండదు. ఆ పిచ్చే నా కొంప ముంచింది.

తట్టాంచావడిలో నాదొక చిన్న లేత్ షెడ్డు. చవక కారుకు సరిపోయే ఇంజన్ ఒకటి తయారు చేయాలని ఏళ్ళ తరబడి అందులోనే పడి చచ్చాను. దానికి రేడియేటర్ లేదు, పంపు లేదు, గొట్టాలు లేవు. ఒళ్ళంతా పలచటి రెక్కలు, పక్కన ఒక ఫ్యాను. ఆ గాలికే వేడి పోవాలి. చెప్పడానికి రెండు ముక్కలే. రెక్కలు మందమైతే వేడి పోదు, పలచనైతే పోత పోసేటప్పుడే విరుగుతాయి. ఇంజన్ నెత్తిన ఉండే పోత ముక్కలు, అదే హెడ్లు, ఎన్ని తుక్కులో పారేశానో ఆ దేవుడికే తెలియాలి. "ఆ ఇనప ముక్కనే పెండ్లి చేసుకొని ఉండాల్సింది నువ్వు," అనేది నా భార్య లీలమ్మ.

చివరికి సేదరపేటలో చిన్న కార్లు చేసే కంపెనీ నుంచి జయప్రకాశ్ సార్ వచ్చాడు. నా ఇంజన్‌ను వాళ్ళ కారు వెనక బిగించి మండుటెండలో ఏంబలం దాకా పోయి తిరిగి రావాలి, అదీ పరీక్ష. ఇంజన్ వేడికి తట్టుకుంటే వాళ్ళ కారులోకి నాదే, లేకపోతే కోయంబత్తూరు వాళ్ళ నీళ్ళ ఇంజన్. నడపడానికి మా వీధి టాక్సీ డ్రైవరు కరుప్పన్‌ను పిలిచాను. గేరు ఎట్లా వేయాలో, యాక్సిలరేటర్ ఎంత తొక్కాలో వాడికి చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

ఏంబలం చేరేసరికి వేడి చూపే ముల్లు ఎర్రగీత దరిదాపులకు కూడా పోలేదు. "పరవాలేదే సీతాపతీ," అన్నాడు జయప్రకాశ్ సార్. ఆ మాటకే నా కడుపు నిండిపోయింది. టీ తాగుదామని ఇద్దరం కొట్లోకి వెళ్ళాం. గ్లాసు చేతికి వచ్చిందో లేదో, బయట బుస్సుమని చప్పుడు.

పరిగెత్తాను. కారు వెనక మూత ఎత్తి ఉంది. ఆవిరి మధ్యలో కరుప్పన్, చేతిలో టీకొట్టు బకెట్, ఖాళీగా.

"ఏందిరా చేసినావు?"

"నీళ్ళు పోసే మూత యాడా కనపళ్ళేదన్నా. ఇంజనేమో సూడెక్కి కాలిపోతా ఉండాది. అందుకే పైన పోసేసినా."

"దీనికి నీళ్ళు అక్కర్లేదని చెప్పినా కదరా."

"నీళ్ళు లేకున్నా పోతాదని చెప్పినావు. పొయ్యొద్దని యాడ చెప్పినావు? బిడ్డకు జరమొస్తే తడిగుడ్డ ఎయ్యమా?"

వాణ్ణి కొట్టాలనిపించింది. ఏడవాలనీ అనిపించింది. కాలుతున్న హెడ్డు మీద చన్నీళ్ళు పడితే ఏమవుతుందో అదే అయింది. ప్లగ్గు పక్కన వెంట్రుకంత పగులు. ఎన్నిసార్లు తిప్పినా స్టార్ట్ కాలేదు. ఇన్నేళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరైంది. చేసినవాడు పగవాడైనా బాగుండేది, నోరారా తిట్టుకునేవాణ్ణి.

జయప్రకాశ్ సార్ వంగి ఆ పగులును చాలాసేపు చూశాడు.

"ఇతనొక్కడే కాదు సీతాపతీ. రేపు కారు కొనేవాళ్ళంతా ఇట్లాంటివాళ్ళే. నువ్వెంతమందికని చెప్తావు?"

"కొంచెం టైమియ్యండి సార్. పక్కన చిన్న తొట్టి ఒకటి పెడతా, మూతతో సహా. ఇంజన్‌కు దాంతో పనేం లేదు. వాళ్ళు నీళ్ళు పోసుకుంటారు, మనసు కుదుటపడతాది, పోతారు."

ఆయన కారు మూత మెల్లగా దించాడు. నన్ను నొప్పించకుండా ఎట్లా చెప్పాలా అని వెతుక్కుంటున్నట్టు కనిపించింది.

"తొట్టి మోసుకొని తిరిగేదుంటే, కోయంబత్తూరు ఇంజన్‌కు ఏం తక్కువ?"

పక్కన కరుప్పన్ తలూపుతున్నాడు.

"సార్ చెప్పేది సరే కదన్నా," అన్నాడు.