వేలానికొచ్చిన సైకిల్

తమ్ముడి సైకిల్ బస్టాండు పక్కనున్న సైకిల్ స్టాండులో, చివరి వరుసలో గోడనానుకుని ఉంది. సాయంత్రానికల్లా వస్తానని పొద్దున్నే దానికి తాళం వేసి బస్సెక్కిన మనిషి, ఏడాది కావస్తున్నా అజా పజా లేదు. వాణ్ణి పెంచిన అక్కను వీధిలో అందరూ దర్జీ అక్క అంటారు. కుట్టు మిషన్ ముందు కూర్చున్నా ఆమె ఒక చెవి గుమ్మం వైపే వేసి ఉంచేది. తీరిక దొరికితే స్టాండుకెళ్లి సీటు మీద దుమ్ము తుడిచి వచ్చేది. సైకిల్ అక్కడున్నంత కాలం వాడు దానికోసమైనా వస్తాడని నమ్మకం. పిచ్చి నమ్మకమే. అంతకంటే గట్టిది ఆమెకు ఎవరిచ్చారు కనుక?

గడువు దగ్గరపడుతుంటే స్టాండు కాపలాదారు తల గోక్కుంటూ అసలు సంగతి చెప్పాడు. ఎవరూ తీసుకెళ్లని బండిని ఏడాది దాటితే వేలం వేస్తారు. ఆ తర్వాత సొంతదారే వచ్చినా అడిగే హక్కుండదు. ఈలోగా విడిపించుకోవాలంటే సొంతదారు రావాలి, లేదంటే అతను పోయాడని వారసులు కాగితం తేవాలి. ఆ కాగితమేదో రాయించి తెచ్చుకోమన్నాడు పాపం, ఆమె మంచికే.

"ఎత్తుకుని పెంచిన చేత్తోనే వాడు పోయాడని రాసివ్వమంటావా?" అంది.

అతను మళ్లీ ఆ ఊసెత్తలేదు. గడువుకి ఎవరి ఏడుపుతోనూ పనిలేదు కదా, దాని దారిన అది దాటిపోయింది.

వేలంనాడు దర్జీ అక్క అందరికంటే ముందే వచ్చి నిలబడింది. పాత ఇనుము కొనే వ్యాపారి సైకిల్ని ఎగాదిగా చూసి, దీనికి నాకంటే వయసెక్కువని అందర్నీ నవ్వించి పాట మొదలుపెట్టాడు. ఆమె పెంచింది. అతనూ పెంచాడు. ఈసారి ఆమె గొంతు వణికేసరికి తలెత్తి మొహం చూసి, నాకొద్దులే అని పక్కకు తప్పుకున్నాడు.

రసీదు మీద ఆమె పేరు పడింది. అప్పుడు గానీ తట్టలేదు ఆమెకు. తమ్ముడి సొత్తు కాపాడబోయి తానే కొనేసుకుంది. రేపు వాడు స్టాండువాళ్లిచ్చిన పాత చీటీ పట్టుకుని వస్తే ఇక్కడ వాడిదంటూ ఏమీ లేదు.

అమ్మిన బండిని స్టాండులో ఉంచనివ్వరు. కాపలాదారు సుత్తి తెచ్చి వెనక చక్రం తాళం మీదికి ఎత్తాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"పగలగొట్టకు. తాళంచెవి వాడి దగ్గరుంది."

"మరి చక్రం తిరగదక్కా."

"తిరగకపోతే పోయింది."

వెనక చక్రం పైకెత్తి పట్టుకుని, ముందు చక్రం మీద నెట్టుకుంటూ రోడ్డెక్కింది. రొప్పుతూ ఇల్లు చేరి, వీధిలోకి కనబడేలా గుమ్మం ముందు నిలబెట్టి, సీటు తుడిచింది. తరవాత ఆ తాళం పక్కనే చతికిలబడి, ఏడాదిగా దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది.