అన్నిటికంటే బలమైన గేరు

గూడెం కొత్తవీధిలో గేర్ల గురించి స్తెఫను మాస్టారికి తెలిసినంత మరొకరికి తెలియదు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఎందుకంటే ఆయనే అందరికీ చెప్పాడు. హైస్కూల్లో లెక్కలు చెప్పడం ఆయన ఉద్యోగం. ఎడ్విన్ మెకానిక్ షెడ్డు పక్కనున్న టీకొట్టులో లారీల గురించి చెప్పడం ఆయన జీవితం. గేరుబాక్సులో ఏ ఆయిలు పోయాలి, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు ఎంత తొక్కాలి, ఆటోమేటిక్ బండి కొండకి పనికొస్తుందా రాదా, ఏ ప్రశ్నకైనా ఆయన దగ్గర జవాబుంటుంది. ప్రశ్న లేకపోయినా ఉంటుంది. ఫోనులో ఆయన నడిపే వాట్సాప్ గ్రూపులో సీతంపేట నుంచి రాజవొమ్మంగి దాకా నూట పదిమంది డ్రైవర్లూ, డ్రైవర్లు కావాలనుకుని కాలేకపోయినవాళ్లూ ఉన్నారు. రోజూ పొద్దున్నే వాళ్లకో నీతి పంపుతాడు. డిప్‌స్టిక్కు తుడవకుండా ఆయిలు చూడొద్దు. న్యూట్రల్లో ఘాటు దిగొద్దు. రేడియేటరు మూత వేడి మీద విప్పొద్దు.

ఇంతా చేసి ఆయన నడిపేది గేర్లు లేని స్కూటరు. దాని స్టాండు స్ప్రింగు ఊడిపోయి ఎనిమిది నెలలైంది. ఎక్కడ ఆపినా ఇటుక ముక్క వెతుక్కుని ఆనిస్తాడు.

"ఊళ్లో గేర్లన్నీ సరిసేత్తారు. మన మిక్సీకి ఉన్నవి మూడే గేర్లు, అందులో రెండు పడవు," అంటుంది భార్య జాయ్స్. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. స్తెఫను రచ్చతో మొదలుపెట్టాడు. ఇంటి వంతు ఇంకా రాలేదు.

టీకొట్టుకి కొత్త మనిషి ఎవరొచ్చినా ఆయన ఒక పరీక్ష పెడతాడు. "బండిలో అన్నిటికంటే బలమైన గేరు ఏది?" అని అడుగుతాడు. వచ్చినవాడు తప్పకుండా "ఫస్టు గేరు" అంటాడు. స్తెఫను ఒక గుక్క టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "రివర్సు" అంటాడు. ఆ తర్వాత, రివర్సులో చక్రాలు అన్నిటికంటే నెమ్మదిగా తిరుగుతాయి కనక లాగే బలం ఎక్కువని పళ్ల చక్రాల లెక్క వస్తుంది. అది రావడం మొదలవగానే ఎడ్విన్ లేచి షెడ్డులోకి వెళ్లిపోతాడు. ఆరేళ్లుగా ఇదే వరస.

లేచి వెళ్లలేని మనిషి ఒకరున్నారు. ఆమె చిట్టి. కొండ మీది జీలుగుపుట్టు గ్రామం ఆమెది. సంతరోజున మిరియాలు తెచ్చి అమ్ముకుని, తిరుగు జీపు వచ్చేదాకా టీకొట్టు బల్ల చివర కూర్చుంటుంది. మిగిలిన మిరియాల్లో పుల్లలు ఏరుకుంటూ తలెత్తకుండా ఉంటుంది. వింటోందో లేదో ఎవరూ పట్టించుకోలేదు, స్తెఫను అసలే పట్టించుకోలేదు.

అలాంటి చిట్టి ఒక శుక్రవారం మిరియాల చేట పక్కన పెట్టి ఆయన ముందుకొచ్చింది. జీలుగుపుట్టు ఆడవాళ్ల కాఫీ సంఘానికి ఆమె పెద్ద. ఊరికి సీసీ రోడ్డు పడింది. పడింది గానీ చివరి అరకిలోమీటరు గోడకి సిమెంటు పూసినట్టుంటుంది. జీపులవాళ్లు ఆ ఎక్కుడు మొదట్లోనే దింపేసి పోతారు. అక్కణ్నుంచి రేషను డిపో బియ్యం, ఉప్పు, ఇంటి రేకులు, అన్నీ ఆడవాళ్ల నెత్తిమీదే పైకెళ్లాలి. అందుకని పద్దెనిమిది ఇళ్లవాళ్లూ కూడి ఒక పాత మినీ ట్రక్కు కొనుక్కుందామనుకున్నారు.

"బండి మీరే సూసిపెట్టాల మాస్టారూ. మీకు తెలవనిదేటుంది," అంది చిట్టి.

ఈ ఒక్క మాట కోసం స్తెఫను ఇరవయ్యేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు.

నర్సీపట్నంలో బండి దొరికింది. స్తెఫను దాన్ని డాక్టరు రోగిని చూసినట్టు చూశాడు. ఆయిలు రెండు వేళ్ల మధ్య రాసి చూశాడు. పొగ రంగు చూశాడు. టైరు మీద తారీఖు చదివాడు. చొక్కా పాడవుతుందని తెలిసీ బండి కింద దూరి తుప్పు వెతికాడు. కొన్నప్పట్నుంచి నాలుగేళ్లూ ఆ బండి చిప్స్ ప్యాకెట్లు మోసిందని అమ్మేవాడు చెప్పినప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. ప్యాకెట్టులో సగం గాలే. అంటే ఈ బండి పుట్టి బుద్ధెరిగి బరువు మొయ్యలేదన్నమాట. దాన్ని గొప్ప సుగుణంగా రాసుకున్నాడు. రివర్సు వేస్తే పెళ్లి సన్నాయి మోగుతుంది. అదీ రాసుకున్నాడు.

డ్రైవరుగా కుదిరిన సుక్రు కూడా వెంట వచ్చాడు. పదేళ్లు సర్వీసు జీపు తోలినవాడు, మాట తక్కువ. "ఓ మారు లోడేసి మెరకెక్కించి సూద్దుమా మాస్టారూ," అన్నాడు.

స్తెఫను అతని భుజం తట్టి నవ్వాడు. "ఇంజను ఆరోగ్యం తెలిస్తే అన్నీ తెలిసినట్టే సుక్రూ." చదునుగా ఉన్న హైవే మీద ఖాళీ బండిని ఎనభైలో పోనిచ్చారు. వెన్నలా పోయింది. వారంలోగా నచ్చకపోతే వెనక్కి తెచ్చెయ్యమన్నాడు అమ్మేవాడు. ఆ మాట అక్కర్లేదన్నట్టు స్తెఫను చెయ్యి ఊపాడు.

సంతరోజున బడి వదిలాక ఇరవై బస్తాల డిపో బియ్యం వేసుకుని బండి జీలుగుపుట్టు బయల్దేరింది. వెనక స్కూటరు మీద స్తెఫను, మోటారుసైకిలు మీద ఎడ్విన్. ఎడ్విన్ని రమ్మని ఎవరూ పిలవలేదు. వేడుక చూద్దామని వచ్చాడు. ఎక్కుడు కింద సంఘం ఆడవాళ్లు పదిమంది నిలబడి ఉన్నారు. పైన ఊళ్లో ముసలమ్మలు బండి మొహానికి పెట్టడానికి పసుపూ కుంకుమా కలిపి ఉంచారట.

సుక్రు ఫస్టు గేరు వేసి కదిలించాడు. బండి నలభై గజాలు ఎక్కింది, వణికింది, ఆగిపోయింది. ఆడవాళ్లు పరిగెత్తి చక్రాల కింద రాళ్లు పెట్టారు. కిందికి దించి మళ్లీ ఎక్కించాడు. ఈసారి ముప్పై గజాలు. మూడోసారికి క్లచ్చు ప్లేటు కాలిన వాసన వచ్చింది.

"సాక్‌పీసుందా మాస్టారూ," అన్నాడు ఎడ్విన్.

లెక్కల మాస్టారి జేబులో చాక్‌పీసు లేకపోవడమా? ఇచ్చాడు. బండిని కింద చదునులో నిలిపి న్యూట్రల్లో ఉంచారు. ఎడ్విన్ వెనక చక్రం మీద ఒక గీతా, ఇంజను నుంచి వెనక్కి పోయే షాఫ్టు మీద ఒక గీతా గీశాడు. చక్రం సరిగ్గా ఒక్క చుట్టు తిరిగేదాకా నెట్టమన్నాడు. కింద పడుకుని షాఫ్టు చుట్లు లెక్కపెట్టాడు.

"నాలుక్కి తక్కువే తిరిగింది," అన్నాడు లేచి దుమ్ము దులుపుకుంటూ. "మన కొండ బండ్లకి అయిదు దాటాల. సిప్సోడు మైలేజీ కోసం ఎనక ఇరుసులో పళ్ల సక్రం, అదే క్రౌను, మార్పించీసేడు. ఇది పల్లంలో పరుగెట్టే బండి మాస్టారూ, బరువుతో ఎక్కే బండి కాదు."

స్తెఫను చాక్‌పీసు వెనక్కి తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఈ చాక్‌పీసు పరీక్ష ఆయనకి తెలియనిది కాదు. పాత బండి కొనేముందు తప్పక చెయ్యాలని పోయిన వేసవిలో గ్రూపులో పంపింది ఆయనే. బొమ్మ గీసి మరీ పంపాడు. నలభైమంది బొటనవేళ్లు ఎత్తారు.

ఆడవాళ్లు పక్కకి తిరిగి, కొంగులు మెలిపెట్టి, చుట్టకుదుళ్లు చేసి నెత్తిన పెట్టుకున్నారు. ఇద్దరు బండెక్కి మొదటి బస్తా విప్పారు. సగం సగం గోనెల్లో పోసుకుని మోసుకుపోవడం వాళ్లకి అలవాటైన పనే. ఆ అలవాటు ఇవాళ్టితో పోతుందని చెప్పింది మాస్టారే. రేపు బండి నర్సీపట్నం తిరిగి వెళ్లిపోతుంది. మళ్లీ బండి కొందామని పద్దెనిమిది ఇళ్లవాళ్లనీ ఒప్పించాలంటే చిట్టికి ఇంకెన్నేళ్లు పడుతుందో. స్తెఫనుకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కాళ్లకి బుద్ధి చెప్పాలనిపించింది గానీ, స్కూటరుకి ఆనించిన ఇటుక ఆ గొడవలో ఎవరో తీసి చక్రం కింద పెట్టేశారు. స్కూటరు రోడ్డు పక్కన పడుకుని ఉంది.

"తప్పు నాదే చిట్టీ. నేనే చూసుకోలేదు," అన్నాడు.

"తప్పు సంగతి తరవాత సూద్దుం," అంది చిట్టి. బస్తా విప్పుతున్నవాళ్లని చేత్తో ఆపింది. "బండిలో అన్నిటికన్నా బలమైన గేరు ఏటన్నారు మీరు?"

స్తెఫను కళ్లజోడు సర్దుకున్నాడు.

"రివర్సన్నారు గదా. ఆరేళ్లనుంచి వింతన్నాను, ఎంతమందికి సెప్పేరో. మరయితే రివర్సులో ఎక్కిత్తే ఎక్కదా?"

ఆయన చేతికంటిన చాక్‌పీసు పొడి దులుపుకున్నాడు. "అదంటే... లెక్క ప్రకారం నిజమే. మాటవరసకి అంటూ ఉంటాను."

"మాటవరసకా? ఆరేళ్లూనా?"

తన మాటని తనకంటే ఎక్కువగా నమ్మిన మనిషి ఈ భూమ్మీద ఒకరున్నారని స్తెఫనుకి అప్పుడే తెలిసింది. సంతోషించాలో, భయపడాలో అర్థం కాలేదు. అన్ని మాటలు చెప్పాడే, ఎదురుగా బండి ఆగిపోతే అందులో ఒక్కటీ ఆయనకే గుర్తు రాలేదు. సుక్రు మాత్రం ఒక్క క్షణం బండినీ, ఎక్కుడునీ చూసి, "ఎక్కుద్ది. క్లచ్చు సల్లారనివ్వండి," అన్నాడు.

చిక్కల్లా ఒకటే. బస్తాలు క్యాబిను వెనక కిటికీకి అడ్డంగా పేర్చి ఉన్నాయి, సుక్రుకి వెనక ఏమీ కనపడదు. రోడ్డుకి రెండు పక్కలా లోయ. ఎవరో ఒకరు బండి తోక ముందు నడుస్తూ, పక్క అద్దంలో కనపడేలా చేతులూపుతూ దారి చెప్పాలి. అందరూ స్తెఫను వైపు చూశారు. ఎడ్విన్ అయితే నవ్వు దాచుకోవడానికి అటు తిరిగాడు. లారీల గురించి ఇరవయ్యేళ్లు చెప్పిన మనిషికి చివరికి క్లీనరు ఉద్యోగం వచ్చింది.

అరగంట ఆగి సుక్రు బండి తిప్పాడు. రివర్సు వేశాడు. కొండంతా పెళ్లి సన్నాయి మోగింది.

"రానీ, రానీ, ఎడమకి కొట్టు," అన్నాడు స్తెఫను, వెనక్కి నడుస్తూ. బండి కదిలింది. నలభై గజాల దగ్గర వణికింది. ఆగలేదు. ఒక్క పన్ను, ఒక్క పన్ను చొప్పున ఎక్కుతూనే ఉంది. స్తెఫనుకి కళ్లు చెమ్మగిల్లాయి.

ఆ చెమ్మ తుడుచుకునే తీరిక దొరకలేదు. ఆయన నెమ్మదిస్తే బండి నెమ్మదించాలి, నెమ్మదిస్తే ఆగిపోతుంది, ఆగితే మళ్లీ కదలదు. ఈ లెక్క ఆయనకి వెంటనే అర్థమైంది. లెక్కల మాస్టారు కదా. వెనక్కి తిరిగి పరుగు లంకించుకున్నాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి, ముందు బొజ్జ, వెనక ఇరవై బస్తాల బియ్యంతో తరుముకొస్తున్న బండి, దానికి సన్నాయి. నాలుగడుగులకోసారి తల తిప్పి "రానీ" అనబోతే గాలే వచ్చింది. మొదటి మలుపులో ఎడమ చెప్పు పోయింది. రెండో మలుపులో కళ్లజోడు జారి ముక్కు చివర వేలాడింది. "ఆగకండి మాస్టారూ, ఆగితే ఆగిపోద్ది," అని కింద నుంచి చిట్టి అరుస్తోంది. తల ప్రాణం తోకకొచ్చింది.

ఎవరిదో పెళ్లనుకుని ఊరంతా బయటికొచ్చింది. వాళ్లకి మొదట ఒంటి చెప్పుతో లెక్కల మాస్టారు కనిపించాడు. తర్వాత బండి వెనక తలుపు కనిపించింది. మొహం ఎంతకీ రాకపోయేసరికి ముసలమ్మలు ఆ తలుపుకే పసుపు రాసి బొట్టు పెట్టేశారు. స్తెఫను ఎవరి అరుగు మీదో వెల్లకిలా పడి ఉన్నాడు. రేడియేటరులో పొయ్యడానికి తెచ్చిన బిందె నీళ్లలో సగం ఆయన నెత్తిన పోసింది, పైకి చేరిన చిట్టి. మిగతా సగం బండికి పోసింది.

"బండి వాపసివ్వం," అంది. "వచ్చే సంతకి బేగి రండి మాస్టారూ."

పాత ఇనప సామాన్ల కొట్టులో కొండ బండి క్రౌను దొరికి, ఎడ్విన్ దాన్ని బిగించేసరికి అయిదు వారాలు పట్టింది. ఆ అయిదు సంతలూ స్తెఫను పరిగెత్తాడు. జాయ్స్ గుడ్డ బూట్లు కొనిచ్చింది. స్కూటరు స్టాండుకి స్ప్రింగు కూడా తనే వేయించింది. మిక్సీ సంగతి ఎత్తలేదు. నడుం రెండంగుళాలు తగ్గింది. గ్రూపులో పొద్దుటి నీతి ఒక వారం ఆగింది, మళ్లీ మొదలైంది. ఎంత చెడ్డా అలవాటు అలవాటే.

ఇప్పుడు బండి ముందుకే ఎక్కుతోంది, వెనక తలుపు మీద పసుపు మాత్రం ఇంకా పోలేదు. నిన్న శుక్రవారం టీకొట్టుకి వరహాలరావు అని కొత్త లారీ డ్రైవరు వచ్చాడు. ఆటోమేటిక్ గేర్ల గురించి ఏదో అన్నాడు. స్తెఫను ఇక ఆగలేక గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

"బండిలో అన్నిటికంటే బలమైన గేరు ఏది?"

"ఫస్టు," అన్నాడు వరహాలరావు.

స్తెఫను ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, నోరు తెరిచాడు. బల్ల చివర చిట్టి మిరియాల్లోంచి ఒక పుల్ల ఏరి పారేసింది. తలెత్తలేదు.

"రివర్సే బాబూ," అంది. "కాపోతే ముందర మాస్టారు పరిగెట్టాల."