గాజుల షాట్

రామన్నపేట ఫంక్షన్ హాల్లో తాళి కట్టడం అయిపోయింది. అయినా నరేశ్ పెండ్లికొడుకును లేవనివ్వలేదు. సరిగ్గా మూడో ముడి దగ్గర పిల్ల మేనమామ తల కెమెరాకు అడ్డం వచ్చింది.

"అన్నా, జర మళ్లొక్కసారి ముడేస్తున్నట్టు వట్టుండ్రి. గీడ సూడుండ్రి, గీడ!"

పెండ్లికొడుకు మళ్లీ వంగాడు. పిల్ల మళ్లీ తల వంచింది. జనం మళ్లీ అక్షింతలు వేశారు. అయ్యగారు ఎవరూ అడగకుండానే మంత్రం అందుకున్నాడు. పెండ్లి ఒక్కసారే అవుతుంది గానీ వీడియోలో సరిగ్గా పడేదాకా ఎన్నిసార్లయినా చేసుకోవచ్చని ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఎప్పుడో ఒప్పేసుకున్నాయి. దానికి పంచాంగం కూడా అడ్డు చెప్పదు.

నరేశ్‌ది నకిరేకల్‌లో ఒక స్టూడియోలో పని. రోజుకు ఎనిమిది వందలు. పెండ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లే కాదు, ఈమధ్య దినాలు కూడా తీయిస్తున్నారు. దినాల వీడియో అంటే ఏడుస్తున్న ముఖాలు నాలుగు, డ్రోన్‌తో పైనుంచి భోజనాల టెంటు, వెనకాల ఒక ఏడుపు పాట. మొదట్లో చావింటికి పోయివస్తే నరేశ్‌కు ముద్ద దిగేది కాదు. ఇప్పుడు పోయినవాళ్ల ఫొటోకు దండ వంకరగా ఉంటే సరిచేసి, షాట్ తీసుకుని, పోయి బంతిలో కూర్చుని మారు అన్నం పెట్టించుకుంటాడు.

పోయినేడు సొంత అన్న పరశురాములు హైవే మీద గొర్రెలను దాటిస్తుండగా లారీ కింద పడి చనిపోయాడు. ఆ దినాలు కూడా నరేశే తీశాడు. ఇంట్లో కెమెరా మనిషి ఉండగా పరాయివాణ్ని పిలవడమేమిటని ఎవరో అన్నారు, ఇతను కెమెరా ఎత్తుకున్నాడు. పదో రోజు బావి దగ్గర వదిన నాగరాణికి చేతుల నిండా గాజులు తొడిగి, పూలు పెట్టి, బొట్టు పెట్టి, తన మేనత్త బక్కమ్మ ఆ గాజులనే రాయితో పగలగొడుతుంటే నరేశ్ ఫోకస్ చూసుకుంటూ నిలబడ్డాడు. అమ్మానాయిన లేని తనను సాకినవాడు ఆ అన్న. ఏడుపు రాలేదు. తర్వాతయినా వస్తుందేమో అనుకున్నాడు, రాలేదు. రాలేదే అన్న బాధ కూడా కొన్నాళ్లకు పోయింది.

ఆ వీడియోనే కోసి, పాట కలిపి, 'పదో రోజు' అని పేరు పెట్టి, ఒక ఆన్‌లైన్ షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్‌కు పంపాడు. గెలిచినవాళ్లను హైదరాబాద్‌లో ఒక సినిమా కంపెనీ పనిలోకి తీసుకుంటుందట. చావులకు పాటలు అతికించే బతుకులోంచి బయటపడడానికి నరేశ్‌కు కనిపించిన దారి అదొక్కటే. సినిమా మొదటి వడపోతలో నిలబడింది. లోపాలు సరిచేసి ఆదివారం లోపల మళ్లీ పంపుకోవచ్చన్నారు. ఆ లోపాలేమిటో చెప్పడానికి రామన్నపేట పెండ్లి జరుగుతున్న మధ్యాహ్నమే త్రివేణి అనే జడ్జి వీడియో కాల్ చేసింది. నరేశ్ ఫోను పట్టుకుని వంటశాల వెనక్కి పరుగెత్తాడు.

"మిగతావాళ్ల సినిమాలు చూస్తున్నారా నరేశ్ గారూ? చూడండి. ప్రైజు ఎలాగూ ఒక్కరికే వస్తుంది, ఆ చూడ్డం మాత్రం అందరికీ మిగులుతుంది. కొత్తకోట నుంచి ఒకమ్మాయి పంపింది. వాళ్ల నాయనమ్మ బస్సు కోసం కూర్చుని ఉంటుంది, అంతే. పాట లేదు, మాటలు కూడా లేవు. అయినా అయిపోయేసరికి ఆ ముసలమ్మ మనకు తెలిసిన మనిషైపోతుంది. మీ దాంట్లో గాజులు కనిపించాయి, రాయి కనిపించింది. ఆమె ముఖమే కనిపించలేదు. పగిలే చప్పుడు మీద పాట వేసేశారు. ఆమెను ఎవరైనా ఏమైనా అడిగారా అసలు?"

"ముఖం పడలే మేడం. మా అత్త అడ్డమొచ్చింది. ఫోకస్ గూడ పోయింది."

"నేను ఫోకస్ గురించి అనట్లేదండీ..."

"నరేశా! బంతి లేస్తాంది, భోజనాల షాట్ పడలే!" హాల్లోంచి స్టూడియో ఓనర్ దివాకర్ కేక.

"సమజైంది మేడం," అని నరేశ్ ఫోను పెట్టేశాడు.

ఏం సమజైంది? ఆమె చెప్పింది ఒకటి, ఇతను మూటగట్టుకున్నది ఒకటి. ముఖం దగ్గరగా పడాలి. చప్పుడు వినపడాలి. అత్త పక్కకు జరగాలి. పెండ్లిలో ముడి పడకపోతే ఏం చేస్తారో అదే చెయ్యాలి. సాయంత్రం బస్సులో కొత్తకోట పిల్ల సినిమా కూడా చూశాడు. షాట్ ఎక్కడ కోస్తుందా అని ఎదురుచూశాడు, ఆ పిల్ల ఎక్కడా కోయలేదు. ముందుకు జరుపుదామని వేలు పెట్టి కూడా ఎందుకో తీసేశాడు.

మర్నాడు పొద్దున ఇంటి దొడ్లో తల్లి చచ్చిన గొర్రెపిల్లకు నాగరాణి సీసాతో పాలు తాగిస్తోంది. మొగుడు పోయాక మంద వెంట ఆమే పోతోంది.

"వదినా, ఒక్కపారి బాయికాడికి రావాలె. గా గాజుల సీను మళ్ల తీస్త. గాజులు నేనే తెచ్చిన. ఉత్తగనే, యాక్టింగే."

"గాజులు ఉత్తగనే పలుగుతయా?" అంది నాగరాణి తలెత్తకుండా.

"గట్ల గాదు వదినా. ఇది మంచిగస్తే నాకు హైద్రాబాద్ల పని దొరుకుతది."

గొర్రెపిల్ల సీసా ఖాళీ చేసేదాకా ఆమె పట్టుకునే ఉంది. "నీకు అక్కరకొస్తదంటే కానియ్యి," అంది చివరికి. అన్నం తిన్నవా అని అడిగినా, నీళ్లు కాగినయి అని చెప్పినా ఏడాదిగా ఆమెది అదే గొంతు.

బక్కమ్మ మాత్రం అగ్గి మీద గుగ్గిలమైంది. ఆమె పదహారేళ్లకే మొగుణ్ని పోగొట్టుకుని పుట్టింటికొచ్చిన మనిషి. ఊళ్లో ఏ ఆడదాని గాజులు పగలగొట్టాలన్నా ఆమెకే కబురొస్తుంది.

"మొగడు సచ్చినదానికి మళ్ల గాజులేందిరా? ఊరు ఉమ్మదా మన మొకాన?"

"తొడిగి ఉంచనీకి గాదత్తా. పలగ్గొట్టనీకే."

"పలగ్గొట్టనీకేనా?" బక్కమ్మ చల్లబడింది. "గట్లయితే సరె పా."

బావి దగ్గర బండ మీద నాగరాణిని కూర్చోబెట్టి నరేశ్ కెమెరా ముఖానికి దగ్గరగా పెట్టాడు. బక్కమ్మ గాజులు తొడగబోతే నాగరాణి "నేనేస్కుంట తే," అని తీసుకుంది. ఒక్కొక్కటే ఎక్కించుకుంది. చేతులు చిక్కిపోయి అన్నీ వదులుగా దిగాయి. కెమెరాలో ఆమె ముఖం రేఖరేఖా తెలుస్తోంది. ఒకే ఇంట్లో తింటూ, పడుకుంటూ, వదిన ముఖం ఏడాదిగా తను చూడనేలేదని నరేశ్‌కు అప్పుడు తెలిసింది. కళ్ల కింద నలుపు. ముందు వెంట్రుకలు నెరిశాయి. ఆమె చెయ్యి తిప్పి చూసుకుంది. గాజులు గలగలమన్నాయి. ఇంకోసారి తిప్పింది.

"ఇటు తే చెయ్యి," అంది బక్కమ్మ రాయి తీసుకుని.

"వదినా, చెయ్యి బండ మీద వెట్టు. మొకం ఇటు," అన్నాడు నరేశ్.

"పెట్ట."

"ఏంది?"

"పెట్ట అంటున్న." నాగరాణి రెండు చేతులూ ఒడిలోకి లాక్కుంది. "గా దినం నన్నెవ్వలడగలే. వట్టుకొచ్చి కూసోవెట్టిండ్రు. నువ్వు నిరుటి లెక్క గాదు, ఇయ్యాల అడిగినవ్. అడిగితే గద నాకు ఎర్కైంది, వద్దనొచ్చని."

"ఏం మాట్లాడ్తున్నవే?" బక్కమ్మ రాయి పట్టుకునే ముందుకు వంగింది. "గవేస్కొని యాడికి పోతవే నువ్వు?"

"గొర్లకాడికి పోత. ఎండొచ్చింది."

ఆమె లేచి కొంగు నడుముకు చుట్టుకుంది, గోడకానించిన కట్టె అందుకుంది. బక్కమ్మ నరేశ్ వైపు తిరిగింది. "నువ్వన్న జెప్పరా! నీ సిన్మా ఏమైతది?"

నరేశ్ కెమెరాలోకి చూశాడు. అన్న పోయిన నాటినుంచి రాని ఏడుపు ఇప్పుడు వస్తున్నట్టుంది, వస్తే ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. కెమెరాలో ఖాళీ బండ కనిపిస్తోంది. ఆ అంచున రాయి పట్టుకున్న బక్కమ్మ చెయ్యి ఉంది. అతను రికార్డింగ్ ఆపలేదు.

నాగరాణి మందను దొడ్లోంచి విడిచి బాట పట్టింది. కలుపుకు పోతున్న ఇద్దరు ఆడవాళ్లు ఆమెను చూసి ఆగిపోయారు. ఒకామె పక్కామె మోచెయ్యి పట్టుకుంది. నాగరాణి వాళ్ల ముందు నుంచే మందను తోలుకుంటూ పోయింది. పక్కకు తప్పుకున్న ఒక గొర్రెను అదిలించడానికి చెయ్యి పైకెత్తింది. గాజులన్నీ గలగలమంటూ మోచేతి దాకా జారాయి.