బడిలో అడ్డుగోడ

పిల్లలు పాఠం అప్పజెబుతుండగానే మిల్లు మనుషులు చెక్కలూ సుత్తులూ పట్టుకుని తరగతి గదిలోకి జొరబడ్డారు. షిఫ్టు దిగి ఇంటికి పోతున్న పొడుగక్క కిటికీ దగ్గరే నిలబడిపోయింది. మిల్లు మేస్త్రీ ఒక పిల్లను రెక్క పట్టుకుని బెంచీ మీంచి లేపాడు. ఆ పిల్ల నడుము పట్టుకుని వదలకుండా వేలాడుతున్నది పొడుగక్క కూతురే. ఇద్దరినీ విడదీసి చెరో పక్కకు విసిరాడు. పొడుగక్క కూతురి మోచెయ్యి గోడకు కొట్టుకుంది.

"పై వీధి మతం అటు, కింది వీధి మతం ఇటు! ఓనరుగారి ఆర్డరు!"

మిల్లు బడి అది. పంతులమ్మ కొత్తగా వచ్చి, ఏళ్ళ తరబడి గది మధ్యలో ఉన్న చెక్కగోడ తీయించి, పిల్లలందర్నీ ఒకే బెంచీల మీద కూర్చోబెట్టింది. ఇప్పుడు అదే చోట మళ్ళీ మేకులు దిగుతున్నాయి. అడ్డం పడ్డ పంతులమ్మను పక్కకు తోసేశారు.

పొడుగక్క లోపలికి దూకింది. కోపం మాత్రం పంతులమ్మ మీద.

"ఎవరు కలపమన్నారమ్మా నిన్ను? కొట్లాటల్లో నా మొగుణ్ణి ఆ కింది వీధి వాళ్ళే పొట్టన పెట్టుకున్నారు. తెలిసే చేశావా?"

"తెలిసే చేశాను," అంది పంతులమ్మ. "రేపు ఈ పిల్లలూ అలాగే కొట్టుకు చావాలా?"

పొడుగక్క కూతుర్ని ఈడ్చుకుపోయింది. ఇంట్లో చేతికి కట్టు కడుతుంటే ఆ పిల్ల నొప్పి సంగతే ఎత్తలేదు. "దాన్నెందుకే కొట్టారు?" అని ఒకటే ఏడుపు.

సాయంత్రం యూనియన్ షెడ్డులో మీటింగు. రెండు వీధుల వాళ్ళూ వచ్చారు గానీ చెరో గోడకు ఆనుకుని కూర్చున్నారు. మాటకంటే ముందు అరుపులు లేచాయి.

"మీతో కలిస్తే మా పిల్లలు పాడైపోతారు!"

"మా ఇళ్ళు తగలబెట్టినప్పుడు మీరు పాడవలేదా?"

బాయిలరు మామ లేచాడు. కింది వీధి మనిషి. ఆవిరి కొట్టి ముఖం సగం కమిలిపోయింది. పొద్దున మేస్త్రీ లాగి పడేసింది ఆయన మనవరాలినే.

"ఓనరుకి దేవుడి మీద ఇంత బెంగ ఎప్పుడు పుట్టిందయ్యా? పిల్లల్ని దింపడానికొచ్చి మన ఆడవాళ్ళు బడి గుమ్మంలో మాట కలిపారు. దూది దుమ్ముకి ఊపిరాడట్లేదని వీళ్ళూ అన్నారు, వాళ్ళూ అన్నారు. కలిసెళ్ళి ముక్కుకి గుడ్డలు, గదికి ఫ్యాన్లు అడిగారు. వెంటనే గోడ లేచింది! ఇంకా అర్థం కాలేదా?"

"పోగొట్టుకున్నది పొడుగక్క. ఆవిణ్ణడుగు!" అన్నారెవరో. షెడ్డంతా ఆమె వైపు తిరిగింది.

ఆమె లేచి నిలబడింది.

"నాకా వీధి మీద కోపం పోలేదు. పోతుందని అబద్ధం చెప్పను. కానీ ఆయన్ని మట్టి చేసిన మర్నాడే మేస్త్రీ నన్ను పనిలోకి లాక్కొచ్చాడు. నా పక్క మిషను మీద ఎవర్ని నిలబెట్టాడు? కింది వీధి దాన్నే. అప్పుడు గుర్తురాని మతం పిల్లల బెంచీ దగ్గర గుర్తొచ్చిందా? పనికి కలిపి తోలుతారు, చదువుకి విడదీస్తారు! నేను పోతున్నా. ఆ చెక్కలు పీకడానికి వచ్చేవాళ్ళు రండి."

కొందరు తిట్టుకుంటూ ఇళ్ళకు పోయారు. మిగిలిన వాళ్ళు వెలుతురుండగానే బడికి వెళ్ళి, మేకులు ఊడబీకి, చెక్కలన్నీ రోడ్డు మీద కుప్ప పోశారు.

తెల్లారేసరికి బడికి తాళం పడింది. పంతులమ్మను పోలీసులు ఇంటి దగ్గరే పట్టుకుపోయారు. మతాల మధ్య చిచ్చు పెట్టిందని కేసు!

ఈ కబురు ఊరవతలి మిల్లు దాకా పాకింది. ఇక్కడైతే ఎవరూ ఇంట్లో కూర్చోలేకపోయారు. షిఫ్టు వేళకు రెండు వీధులూ మిల్లు గేటు ముందున్నాయి. పిల్లలు రోడ్డు మీదే వరసలు కట్టి కూర్చున్నారు, చుట్టూ తల్లులు. దూది లారీలు లోపలికి పోలేక హారన్లు మోగిస్తున్నాయి.

పోలీసు వ్యాను వచ్చింది. ఇన్‌స్పెక్టరు పొడుగక్కను గుర్తుపట్టి దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"నీకెందుకమ్మా ఈ గొడవ? మీ వీధి వాళ్ళని తీసుకుని వెళ్ళిపో, మీ మీద కేసుండదు. నీ మొగుణ్ణి చంపినవాడు ఈ గుంపులోనే ఉండొచ్చు, ఆలోచించు."

పొడుగక్క గుంపు వైపు తిరిగింది. నిజమే, ఉండొచ్చు. కింది వీధి ముఖాలు ఒక్కొక్కటీ చూసింది. కొందరు తల దించుకున్నారు.

"ఉండొచ్చు సార్," అంది అందరికీ వినపడేలా. "ఆ రోజు నేను మీ స్టేషనుకి పరిగెత్తుకొచ్చా. తలుపు బాదా. లోపల మనుషులున్నారు, తియ్యలేదు. ఇవాళ పిల్లలు కలిసి కూర్చుంటే మాత్రం వ్యానేసుకుని వచ్చారే! చంపినవాణ్ణి పట్టుకోండి, సాక్ష్యం నేను చెబుతా. ఈ పిల్లల జోలికి మాత్రం రాకండి."

ఇన్‌స్పెక్టరు ముఖం మాడిపోయింది. "ఎక్కించండి దీన్ని!"

జబ్బ పట్టుకుని ఈడ్చారు. కూతురు కేక పెట్టింది. బాయిలరు మామ కోడలు గబగబా వచ్చి, పొడుగక్క లేచిన చోట కూర్చుని, ఆ పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. కాసేపటికి ఆమెనూ ఎక్కించారు. ఆ చోట పై వీధి ముసలామె వచ్చి కూలబడింది.

మిల్లు కూత కూసింది. ఒక్కరూ గేటు వైపు కదల్లేదు. వ్యాను కిక్కిరిసిపోయింది, ఇంకోటి తెప్పించమని ఇన్‌స్పెక్టరు అరుస్తున్నాడు. ఊచల్లోంచి పొడుగక్క బయటికి చూసింది. ఊరవతలి మిల్లు జనం తమ పిల్లల్ని చంకనెత్తుకుని రోడ్డు మలుపు తిరిగి ఇటే వస్తున్నారు.